లిబ్ అరవై నాలుగు

సత్యమ్మ మెట్లెక్కి వచ్చేసరికి ఆఫీసులో అందరూ టీ తాగుతున్నారు. మేడ్చల్ బస్ డిపో దాటాక కింద టైర్ల దుకాణం, పైన సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రబ్బరు వాసన పైదాకా వస్తుందని కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఆమె చెప్పులు గడప బయట విడిచి, తలుపు పట్టుకుని నిలబడి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అడిగింది.

"కోళ్ళ హ్యాచరీల పెట్టిన గంట ఎవలు జేసిన్రు?"

అక్కడ పనిచేసే ఆతియా చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది గాని నోరు తెరవలేదు. ఈలోగా తన గదిలోంచి రాఘవేందర్ బయటికి వచ్చాడు. ఆఫీసు ఆయనదే. బయటివాళ్ళతో మాట్లాడే హక్కు కూడా తనదేనని ఆయన నమ్మకం.

"ఎవరు గావాలమ్మా?"

"గంట జేసినోళ్ళు గావాలె. నాది సత్యమ్మ. జనార్ధన్ సేటు హ్యాచరీల పని జేస్త. అంటే, నిన్నటిదాంక జేసిన. మిషన్ల ఫ్యాను బెల్టు తెగి వేడెక్కి గుడ్లన్ని సచ్చినయ్. పగటీలి బువ్వ తిని పండుకున్నవ్, గంట మోగినా లేవలే అని ఎళ్ళగొట్టిండు. నేను పండుకోలే. గంట మోగలే."

"మోగిందమ్మా. అన్ని తీర్ల పరీక్ష జేసినంకనే పెట్టినం. మోగకుండ ఉండదు."

"గందుకే వచ్చిన. జేసినోళ్ళు ఎవలో నా మొఖం జూసి చెప్పుండ్రి, మోగిందని."

రాఘవేందర్ నవ్వాడు. బేరం తెగనప్పుడు నవ్వే నవ్వు అది. సేటుతో మాట్లాడతానని, తొందరపడొద్దని చెబుతూ ఆమెను మెల్లగా మెట్లదాకా నడిపించాడు. ఆమె వెళుతూ ఇంకోసారి లోపలికి చూసింది. ఆతియాకు ఆ చూపు కంటే తలుపు చెక్క మీద ఆమె వేళ్ళు ఎక్కువ కనిపించాయి. బ్లీచింగు నీళ్ళలో రోజూ నానిన వేళ్ళు, తెల్లగా పాలిపోయి, కొసలు పగిలి ఉన్నాయి. నిద్రపోయే మనిషి వేళ్ళు అలా ఉండవు.

మోగిందో లేదో ఆ ఆఫీసులో చెప్పాల్సిన మనిషి ఎవరన్నా ఉంటే అది ఆతియానే. మిషన్లలో వేడి పెరిగితే గంట కొట్టే ప్రోగ్రాము రాసింది వేరేవాళ్ళు. రాసిన దాన్ని ముక్కముక్కగా విడదీసి, ఏ ముక్క కంప్యూటర్లో ఎక్కడికి పోవాలో చెప్పే ప్యాకేజీ కట్టేది ఆమె. సీడీ పెట్టి మీట నొక్కితే అన్నీ వాటంతటవే సర్దుకోవాలి. వండేవాళ్ళు వేరు, టిఫిను డబ్బా కట్టేవాళ్ళు వేరు అన్నట్టు. డబ్బాలో పచ్చడి మరిచిపోతే వండినవాళ్ళను అనలేం కదా.

ఇక్కడ రాఘవేందర్ గదిలోని కొత్త కంప్యూటర్ సంగతి చెప్పాలి. అది రెండు వేల ఆరు ఎండాకాలం. అరవై నాలుగు బిట్ల కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. జనార్ధన్ సేటు తనకు అందరికంటే కొత్తదే కావాలని పట్టుబడితే రాఘవేందర్ ఒకే రకానివి రెండు తెప్పించాడు. ఒకటి హ్యాచరీకి పోయింది. రెండోది ఆయన గదిలో చేరింది. కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టి, దండ వేసి, దాంతోపాటు వచ్చిన ప్లాస్టిక్ కవరు మళ్ళీ దాని మీదనే కప్పాడు. వచ్చినవాళ్ళకు చూపించడానికే అది. ఒక్క మధ్యాహ్నం మాత్రం, తాను వెనకే నిలబడి, ప్యాకేజీ కట్టుకోవడానికి ఆతియాను దాని ముందు కూర్చోనిచ్చాడు. కట్టడం అయిందో లేదో కవరు మళ్ళీ ఎక్కింది. పరీక్షలన్నీ బయట బల్ల మీది పాత కంప్యూటర్ మీదనే జరిగాయి. దాని మీద కూడా ఒకసారి చూస్తాను సార్ అని ఆతియా అడిగింది. దుమ్ము పడుతుందన్నాడు. మళ్ళీ అడిగింది. రెండింట్లో నడిచే సిస్టం లైనక్సే కదా అన్నాడు. మూడోసారి అడగడానికి ఆమెకు మొహమాటం అడ్డొచ్చింది.

సత్యమ్మ వచ్చి వెళ్ళిన మర్నాడు రాఘవేందర్ ఎవరినో కలవడానికి కొంపల్లి వెళ్ళాడు. ఆయన బండి రోడ్డెక్కగానే ఆతియా గదిలోకి వెళ్ళి కవరు లాగేసింది. దండలోని ఎండిన బంతిరేకులు కీబోర్డు మీద రాలాయి. వాటిని ఊది, ఆయన కుర్చీలోనే కూర్చుంది. హ్యాచరీకి పంపిన సీడీకి నకలు ఒకటి ఉంటే దాన్నే ఎక్కించింది. బయట బల్ల మీది గంటను, వేడి చూసే సెన్సరు తీగను విప్పుకొచ్చి దీనికి తగిలించింది. అందరూ తలుపు దగ్గర గుమిగూడారు. లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.

"ఎవరన్న చాయ్ తెండ్రి," అంది.

"ఇప్పుడే తాగినం గద ఆతియా."

"తాగనీకె గాదు. మస్తు వేడిగుండాలె."

సెన్సరు కొసను టీ గ్లాసులో ముంచింది. తెర మీద ఫారన్‌హీట్ అంకె ఎక్కసాగింది. తొంభై తొమ్మిది, నూరు, నూట అయిదు. ఎర్రబడింది. అంకె చుట్టూ గళ్ళు కూడా ఎర్రబడి తళుక్కుమంటున్నాయి. గంట మాత్రం బల్ల మీద పడేసిన గిన్నెలాగా పడి ఉంది. సత్యమ్మ చెప్పింది చెప్పినట్టు నిజం.

వెతకడానికి పెద్ద సేపేం పట్టలేదు. ప్రోగ్రాములకు కావలసిన సాయపు ఫైళ్ళు పాత కంప్యూటర్లలో 'లిబ్' అనే ఫోల్డరులో ఉంటాయి. ఈ కొత్త వాటిలో అరవై నాలుగు బిట్ల ఫైళ్ళకు 'లిబ్ అరవై నాలుగు' అని వేరే ఫోల్డరు పెట్టారు. పాతది పాతవాటి కోసం అలాగే ఉంటుంది. పోనీ అన్ని రకాల లైనక్సులూ అలాగే చేస్తాయా అంటే అదీ లేదు, ఎవరి పద్ధతి వారిది. అందుకే ప్యాకేజీ కట్టేవాళ్ళు ఫోల్డరు పేరు తామే రాయకూడదు, నీ దగ్గర ఎక్కడ పెట్టుకుంటావని కంప్యూటర్నే అడగాలి. ప్యాకేజీ అంతటా అలాగే అడిగింది ఆతియా. గంట కొట్టే ఫైలు దగ్గర మాత్రం, అది చివర్లో తొందర తొందరగా చేర్చింది, 'లిబ్' అని చేత్తో రాసేసింది. ప్రోగ్రాము అరవై నాలుగులో వెతుకుతోంది. ఫైలు పక్క ఫోల్డరులో కూర్చుని ఉంది.

దొరకనప్పుడు ప్రోగ్రాము కనీసం అరవాలి కదా. అరవదు. వెనకటికి ఒక కస్టమరు, తెర మీద ఏవేవో ఇంగ్లీషు మాటలు వస్తున్నాయని పదే పదే ఫోన్ చేసి సతాయిస్తే, ఏం దొరకకపోయినా నోరు మూసుకుని ముందుకు పోయేటట్టు రాయండని రాఘవేందరే చెప్పాడు.

ఆయన తిరిగొచ్చేసరికి ఆతియా ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. ఆయన కళ్ళు మొదట కింద పడ్డ కవరు మీదకే పోయాయి.

"ఎవరు తీసిన్రు దీన్ని?"

"నేనే సార్. ఇట్ల చూడుండ్రి."

గ్లాసులో టీ చల్లారిపోయింది. ఆతియా ఇంకోటి తెప్పించి, ముంచి, ఎర్రటి అంకె చూపించింది. రాఘవేందర్ తలుపు మూసి వచ్చాడు. తెలివితక్కువ మనిషి కాదు, ఫోల్డరు పేరు వినగానే ఆయనకు అర్థమైపోయింది. ఏదో చెయ్యాలి కాబట్టి దండ తీసి చెత్తబుట్టలో వేశాడు.

"దిద్దనీకె ఎంతసేపు?"

"ఒక్క మాట మార్చాలె. మల్ల ప్యాకేజీ కట్టాలె. అంతే."

"ఇంతేనా. నేను ఏందో అనుకున్న." ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. "దిద్దు. ఎల్లుండి హ్యాచరీకి పోవాలె మనం. ఆమె నిన్నట్నుంచి గేటు కాడికొచ్చి లొల్లి వెడ్తాందట. అందరి ముందట గంట మోగిచ్చి చూపెట్టు, ఆమె నోరు బందయితది అన్నడు సేటు. ముందుగాల కొత్తది ఎక్కియ్యి, తర్వాత మోగిద్దాం."

"ఆ దినం మోగలే గద సార్."

"ఎల్లుండి మోగ్తది గద."

ఆతియా ఆయన వంక చూస్తూ ఉండిపోయింది. ఇలా చూస్తే ఆయనకు ఇబ్బంది. తన కుర్చీలో ఆమె ఉండడంతో కూర్చోవడానికి చోటు లేక కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వే రాసినవ్ గా పేరు. నేను నిన్నేమన్న అన్ననా? అనలే. ఆరుగురం బతుకుతున్నం ఈ ఆఫీసు మీద. ఒక్క హ్యాచరీల పేరు ఖరాబయితే చుట్టుపక్కల ఎవడు గుమ్మం తొక్కనీయడు. ఆమెకేంది, ఇంకో కాడ దొరుకుతది పని."

"పండుకునే మనిషని పేరొస్తె ఎవడిస్తడు సార్ పని? హ్యాచరీలోళ్ళందరు ఒకల్నొకలు ఎరిగినోళ్ళే."

"అయ్యన్ని నీకు అక్కెర లేదు. నువ్వు దిద్దు."

ఆతియా దిద్దింది. మాట మార్చి, మళ్ళీ కట్టి, అదే కంప్యూటర్ మీద ఎక్కించి చూసుకుంది. టీలో ముంచగానే గంట గణగణమంటే కింద టైర్ల దుకాణంవాళ్ళు కూడా తలెత్తి చూశారు. తప్పు దిద్దుకున్నప్పుడు కలిగే తేలిక ఆమెకు ఈసారి కలగలేదు. సీడీ మీద తేదీ రాసి సంచిలో వేసుకుంది.

సాయంత్రం సెవెన్ సీటర్ ఆటోలో శామీర్‌పేట దాకా వచ్చి, అక్కడ బస్సు పట్టుకుని అలియాబాద్‌లో దిగేసరికి వాళ్ళ నాన్న షఫీయుద్దీన్ కొట్టం ముందు గడ్డి నరుకుతున్నాడు. గేదె మెడ చాపి ఆయన భుజం నాకుతోంది. ఆతియా సంచి గోడకు తగిలించి, ఆయన పక్కన రాతి మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఇంట్లో వాళ్ళు ఉర్దూలోనే మాట్లాడుకుంటారు, నాన్నను ఆమె అబ్బా అనే పిలుస్తుంది. ఆయన నరకడం ఆపకుండానే విన్నాడు.

"నువ్వు తప్పు చేశావు, దిద్దావు. అయిపోయింది కదా," అన్నాడు చివరికి. "మిగతాది పెద్దవాళ్ళు చూసుకుంటారు. ఈ ఊళ్ళో కంప్యూటరు పని చేసే పిల్ల నువ్వొక్కదానివే. పోగొట్టుకోకు."

"ఆవిడ కూడా పోగొట్టుకుంది అబ్బా."

"ఆవిడకు ఆవిడ వాళ్ళున్నారు."

ఆతియాకు కోపం ముంచుకొచ్చింది. ఆటోలో వస్తున్నంతసేపూ తాను కూడా తనకు ఇలాంటి మాటలే చెప్పుకుంది. పెద్దవాళ్ళు చూసుకుంటారు, దిద్దేశాను కదా, ఆమెకు ఇంకోచోట దొరుకుతుంది. లోపల చెప్పుకున్నప్పుడు నీతిగానే వినిపించాయి. నాన్న నోటివెంట వచ్చేసరికి అవి పిరికి మాటలని తెలిసింది. ఆమె లేచి, గడ్డి గంపలోకెత్తి గేదె ముందు పోసింది. తండ్రితో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

హ్యాచరీ మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు వచ్చే దారిలో, రోడ్డుకు లోపలగా ఉంది. రాఘవేందర్ కారులోనే ఆతియా వచ్చింది. దారి పొడుగునా ఆయన ఏం చెప్పాలో, ఏం చెప్పక్కర్లేదో చెబుతూనే ఉన్నాడు. గేటు దాటగానే, క్రిములు లోపలికి రాకుండా పెట్టిన మందునీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి లోపలికి పోవాలి. ఆయన మెరుస్తున్న బూట్లను చూసుకుని, తొట్టిని చూసి, ఆఖరికి బూట్లు విప్పి చేత పట్టుకుని దాటాడు.

మిషన్ల గది వెచ్చగా, తేమగా, గుడ్ల వాసనతో ఉంది. గుడ్లు పొదిగే నిలువెత్తు పెట్టెలు వరసగా నిలబడి, లోపలి ఫ్యాన్లు ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. పనివాళ్ళంతా గోడ వెంబడి నిలబడ్డారు. చేతులు తుడుచుకుంటూ కొందరు, ముక్కులకు గుడ్డలు కట్టుకుని కొందరు. జనార్ధన్ సేటు కుర్చీలో కూర్చున్నాడు. సత్యమ్మను అందరికీ ఎడంగా, కంప్యూటర్ బల్ల దగ్గర నిలబెట్టారు. ఆమె ఆతియాను గుర్తుపట్టింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి మాట్లాడకుండా కూర్చున్న పిల్ల ఈమేనని గుర్తుపట్టినట్టు ఒక చూపు చూసి, ముఖం తిప్పుకుంది.

"గంట పెట్టకముందు నేనే తిరుగుదును," అంటోంది ఆమె, ఎవరు అడిగినా అడగకున్నా. "మిషన్ మిషన్‌కు తర్మామీటర్ జూసుకుంట తిరుగుదును. ఒక్క గుడ్డు పోలే. గంట వచ్చింది, ఇగ నువ్వు తిరుగుడెందుకు, అవుతల గదిల ట్రేలు గడుగు పో అన్నడు సేటు. ట్రేలు గడుగుతున్న. ఆడికి ఇనవడేటట్టు పెడ్తమన్నరు. ఇనవడలే."

"అదే ఇప్పుడు తేల్తది," అన్నాడు జనార్ధన్. "కానియ్యమ్మా."

రాఘవేందర్ గొంతు సవరించుకున్నాడు. "అయిదు నిమిషాలు సేటు. మా పిల్ల వైర్లు గీర్లు జూసుకుంటది, తర్వాత మోగిస్తది."

ఆతియా బల్ల ముందు కూర్చుంది. సంచిలో చెయ్యి పెట్టింది. సీడీ వేళ్ళకు తగిలింది. సీడీని అలాగే వదిలేసి చెయ్యి బయటికి తీసింది.

"చెంబెడు వేన్నీళ్ళు గావాలె," అంది.

ఎవరో తెచ్చిచ్చారు. ఆవిర్లు వస్తున్న చెంబును బల్ల మీద పెట్టి, ఆతియా లేచి వెళ్ళి మొదటి పెట్టె తలుపు తెరిచింది. ట్రేల మధ్యలో వేలాడుతున్న సెన్సరు తీగను బయటికి లాగి, తలుపు మూసి, తీగను బల్లదాకా తెచ్చింది. అందరికీ కనిపించేటట్టు ఎత్తి పట్టుకుని నీళ్ళలో ముంచింది.

నూరు. నూట నాలుగు. నూట పది. తెర ఎర్రబడింది. పనివాళ్ళు గంట వైపు చూశారు. చేతులు చెవుల దాకా ఎత్తుకుని సిద్ధంగా ఉన్న ఒకామె, కాసేపటికి వాటిని మెల్లగా దించుకుంది. ఫ్యాన్ల చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు.

రాఘవేందర్ ఆమె వెనకాలకు వచ్చి వంగాడు. గుసగుసగానే అందామనుకున్నాడు, గాభరాలో గొంతు పెద్దదయింది.

"కొత్తది ఇంక ఎక్కియ్యలేదా?"

జనార్ధన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "కొత్తదేంది? కొత్తదెందుకు?"

రాఘవేందర్ నిటారుగా నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి ఆతియా వైపు చూశాడు. ఇప్పటికైనా నువ్వు సర్దుతావేమో అన్నట్టుంది ఆ చూపు. ఆతియా తిరిగి గోడ వెంబడి నిలబడ్డవాళ్ళందరికీ ఎదురుగా నిలబడింది.

"పాతది మోగదు సేటు. ఆ దినం ఉన్నది ఇదే. ఇప్పుడెట్ల మోగలేదో ఆ దినం గూడ అట్లనే మోగలే. గంట కొట్టే ఫైలు ఒక ఫోల్డర్ల వెట్టిన, ప్రోగ్రాం ఇంకో ఫోల్డర్ల ఎతుకుతాంది. పెట్టింది నేనే. ఈ తీరు కంప్యూటర్ మీద పరీక్ష జేయకుండనే మీకిచ్చినం. ఆమె పండుకోలే."

గోడ దగ్గర ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. రాఘవేందర్ బూట్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఆయన వాటిని కింద పెట్టి, తొడుక్కుని, అంత పనీ అయ్యాక, "రేపట్నుంచి నువ్వు రావద్దు ఆతియా," అన్నాడు.

"వస్త సార్. సేటును జూసి ఇసొంటి కంప్యూటర్లే కొన్న ఇంక రెండు హ్యాచరీలకు ఇదే ప్యాకేజీ పంపినం. ఆడ గూడ మోగదు. దిద్దిందాంక వస్త. మీరు తాళం ఏస్తె కింద టైర్ల దుకాణంల కూసోని ఆళ్ళకు ఫోన్ జేస్త."

ఆయన వెళ్ళిపోయాడు. ఈసారి మందునీళ్ళలో బూట్లతోనే దిగాడు.

సత్యమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. వస్తూనే థాంక్సో, దండమో అంటుందని ఆతియా అనుకోలేదు గాని, ఇంత దగ్గరగా వచ్చి నిలబడుతుందనీ అనుకోలేదు.

"నువ్వేనా జేసింది?"

"నేనే."

"మోగలేదని ఎప్పుడెరికయింది నీకు?"

"నువ్వొచ్చి పోయిన తెల్లారి."

"మరి గప్పుడే ఎందుకు జెప్పలే? నిన్నంత నేను గేటు కాడ ఎండకు కూసున్న."

"భయమైంది."

"ఇప్పుడు గాలేదా?"

"ఇప్పుడు గూడ అయింది."

సత్యమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "మంచిది. ఇగ బాగు జెయ్యి. మోగేదాంక నేనీడికెళ్ళి కదల."

ఆతియా సీడీ పెట్టింది. పాతది తీసేసి కొత్తది ఎక్కించింది. అంతసేపూ సత్యమ్మ బల్ల అంచు పట్టుకుని, తెర మీద ఆ అర్థం కాని అక్షరాలు పైకి పాకిపోవడం చూస్తూ నిలబడింది. బయటి నుంచి కారు హారన్ వినిపించింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆతియా తలెత్తలేదు. తర్వాత కారు వెళ్ళిపోయిన చప్పుడు వచ్చింది.

"అయింది," అంది.

తీగ కోసం ఆతియా చెయ్యి చాచేలోగా సత్యమ్మే దాన్ని అందుకుంది. చెంబులో ముంచింది.

గంట మోగింది. రేకుల కప్పు కింద ఆ మోత గోడలకు కొట్టుకుని రెండింతలయింది. పనివాళ్ళు చెవులు మూసుకున్నారు. పక్క గదిలో కోడిపిల్లలను వేరు చేస్తున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. జనార్ధన్ సేటు లేచి, చాలు చాలని చెయ్యి ఊపాడు. సత్యమ్మ తీగను నీళ్ళలోనే పట్టుకుని ఆయన వైపు చూస్తోంది. ఆయన దగ్గరికొచ్చి, వంగి, రేపట్నుంచి పనికి రమ్మని ఆమె చెవి దగ్గర అరిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పండుకున్ననని నలుగుర్ల అన్నవ్ సేటు," ఆమె కూడా అరిచింది. "పండుకోలేదని నలుగుర్ల అను."

జనార్ధన్ చుట్టూ చూశాడు. తన దగ్గర పనిచేసేవాళ్ళందరూ చెవులు మూసుకుని తన నోటి వైపే చూస్తున్నారు. ఆయన పెదవులు కదిలాయి. ఏదో అన్నాడు. గంట మోతలో అది ఎవరికీ వినిపించలేదు. వినిపించదనే ఆ ధైర్యం. అనేశాను కదా అన్నట్టు రెండు చేతులూ చాపాడు.

"ఇనవడలే," అంది సత్యమ్మ.

తీగను చెంబులోంచి పైకి తీసి, కొంగుతో తుడిచింది. తెర మీది అంకె దిగసాగింది. ఎరుపు పోయింది. గంట ఆగింది. ఆ మోత తర్వాత ఫ్యాన్ల చప్పుడు కూడా నిశ్శబ్దంలాగానే ఉంది. పనివాళ్ళు చెవుల మీంచి చేతులు తీశారు.

"ఇప్పుడు జెప్పు సేటు."

ఆయన ఆతియా వైపు చూశాడు, ఆమె చూపు తిప్పుకోలేదు. కుర్చీ వైపు చూశాడు, అది దూరంగా ఉంది.

"సత్యమ్మ పండుకోలే," అన్నాడు. "గంటనే మోగలే. నాదే తప్పు మాట."

సత్యమ్మ తీగను తీసుకెళ్ళి పెట్టె తలుపు తెరిచి, ట్రేల మధ్య ఉన్నచోట మళ్ళీ వేలాడదీసింది. తలుపు మూసి, గడియ పడిందో లేదో చేత్తో నొక్కి చూసింది. వెనక్కి తిరిగి అందరి వైపు చూసింది.

"ఇగ పోండ్రి," అంది. "గుడ్లున్నయ్ లోపట."